ఒకే లైను, ఒకే పాస్‌వర్డ్

మా జిల్లాలో బడుల్లో కంప్యూటర్ మాస్టర్లుగా చేరిన పిల్లలు అప్పుడప్పుడు మా ఇంటికి వస్తుంటారు. ఏ కోర్సు చేస్తే మంచిది, ఏ సర్టిఫికెట్‌కు విలువ ఉంది అని అడుగుతారు. నాకు తెలిసిన యంత్రాలన్నీ ఎప్పుడో పాత సామాన్ల కొట్టుకు పోయాయి. ఫ్లాపీ అంటే ఎలా ఉంటుందో చూపిద్దామంటే నా దగ్గర ఒక్కటీ మిగల్లేదు. కోర్సుల సంగతి నన్ను అడిగి లాభం లేదు. కాని కంప్యూటర్ గది తాళంచెవి జేబులో వేసుకున్న మనిషి చేతిలో ఇంకొకరి బతుకు కూడా ఉంటుందని నాకు ఎవరూ చెప్పలేదు. అది చెప్పడానికే ఇది రాస్తున్నాను.

మాది మహారాష్ట్రలో రాజురా వైపు పల్లె. పత్తి, జొన్న పండించే ఇల్లు. ఇంట్లో తెలుగు, బడిలో మరాఠీ, బజారులో హిందీ. తెలుగు మాట్లాడటం వచ్చుగాని చదవడం రాకుండానే పెద్దవాణ్ణయ్యాను. కాగజ్‌నగర్ నుంచి కాపురానికి వచ్చిన నా భార్య నాకు అక్షరాలు దిద్దించింది. ఇందులో తప్పులుంటే ఆ గురువుగారినే అడగండి.

చంద్రపూర్‌లో టైపింగ్ నేర్పుతూ బతుకుతున్న రోజుల్లో టైపు మిషన్లు పోయి కంప్యూటర్లు రావడం మొదలైంది. దేశం తలుపులు తెరిచారని పేపర్లు రాస్తుండేవి. మా వీధి వరకు వచ్చినవి ఎస్టీడీ బూతులు, కలర్ టీవీలు. నేను మాత్రం నాగపూర్‌లో ఆరు నెలలు ఉండి కంప్యూటర్ కోర్సు చేసి వచ్చాను. అదే సమయంలో బల్లార్‌పూర్ రోడ్డు మీద ఒక ట్రస్టు నడిపే మిలిటరీ అకాడమీలో కంప్యూటర్ మాస్టరు కావాలన్నారు. ఐదు నుంచి పన్నెండు దాకా మగపిల్లలు, అందరూ హాస్టల్లోనే. వాళ్ళను పిల్లలు అనకూడదు, క్యాడెట్లు అనాలి. ఆ అకాడమీ ఇప్పుడు లేదు. పేరు రాయను.

గుడ్డ కప్పిన కంప్యూటర్లు

అకాడమీకి పెద్ద, సైన్యంలో రిటైరైన ఒక కల్నల్ సాబ్. మొదటి రోజు ఆయనే స్వయంగా నన్ను కంప్యూటర్ గదికి తీసుకువెళ్ళాడు. గుమ్మం బయట బూట్లు విప్పి మడమలు ఒకే గీత మీద ఉండేలా పెట్టాలి. లోపల పది కంప్యూటర్లు, పదింటి మీదా ఆకుపచ్చ గుడ్డలు, ఇస్త్రీ మడత చెడకుండా. గోడ మీద నల్లబల్ల, దాని మీద పెయింటుతో కీబోర్డు బొమ్మ. నాకంటే ముందున్న మాస్టరు ఏడాది పాటు ఆ బొమ్మ మీదే పాఠం చెప్పాడట.

తొమ్మిదో తరగతి క్యాడెట్ ఒకణ్ణి పిలిచి ఒక కంప్యూటర్ ఆన్ చెయ్యమన్నాను. అతను అటెన్షన్‌లో నిలబడిపోయి ఆర్డర్ లేదు అన్నాడు. కళ్ళు మూసుకుని కీబోర్డు బొమ్మ గీయగలిగిన పిల్లలు ఒక్క మీట కూడా ముట్టుకోలేదు. తాకితే అరిగిపోతాయనీ, తనిఖీకి ఎవరైనా పెద్దవాళ్ళు వస్తే కొత్తగా కనబడాలనీ కల్నల్ సాబ్ నాకు ఎంతో ఓపికగా చెప్పాడు.

నెల రోజులు వెంటపడితే గుడ్డలు తీయడానికి ఆర్డర్ వచ్చింది. దానితో పాటు డ్రిల్లు నేర్పే సూబేదార్ సాబ్ కూడా వచ్చాడు. సాతారా వైపు మనిషి, కల్నల్ సాబ్‌తో ఒకే పటాలంలో ముప్పై ఏళ్ళు చేసినవాడు, మీసం చివర్లు కూడా అటెన్షన్‌లోనే ఉండేవి. వేళ్ళు ఎక్కడ పెట్టాలో నేను చెప్తే ఆయన దాన్ని పరేడ్ కమాండ్‌గా మార్చి అరిచేవాడు. ఏక్ అంటే ఎడమ చిటికెన వేలు, దో అంటే ఉంగరపు వేలు. పది కీబోర్డులు ఒకేసారి టక్కుమనేవి. నేను నవ్వు ఆపుకోలేకపోయేవాణ్ణి. కాని ఉన్నది ఉన్నట్టు చెప్పాలి కదా, ఆ పిల్లలకు టైపింగ్ వచ్చినంత త్వరగా నా దగ్గర ఇంకెవరికీ రాలేదు.

అకాడమీ కిటికీలోంచి దూరాన ఊర్జానగర్ పొగగొట్టాలు కనిపించేవి. ఎక్కడెక్కడికో కరెంటు పంపే చోటు అది. మాకు మాత్రం మధ్యాహ్నం కాగానే కోత. దీపం కింద చీకటి అంటే అదే. కరెంటు పోయినప్పుడు క్యాడెట్లు కదలకుండా చేతులు మీటల మీద పెట్టుకుని కూర్చునేవారు. అలాంటి ఒక మధ్యాహ్నమే దానియేలు నాతో మొదటిసారి తెలుగులో మాట్లాడాడు. అప్పటికి పదో తరగతి. బల్లార్‌పూర్ గని కాలనీలో ఉండే తెలుగు క్రైస్తవుల అబ్బాయి. తండ్రి యోహాను బొగ్గుగనిలో కిందికి దిగి పనిచేసేవాడు. అకాడమీ మొత్తంలో తెలుగు వచ్చినవాళ్ళం మేమిద్దరమే. సైన్యంలో ఆఫీసరు కావాలన్నది అతని ఆశ. చిన్నప్పుడు జబ్బు చేసి ఒక సంవత్సరం బడి పోయింది కాబట్టి, పన్నెండులో ఉండగా రాసే ఆ పరీక్ష వయసు ప్రకారం అతనికి మొదటిదీ చివరిదీ. తండ్రి దాని కోసమే ప్రతి నెలా ఓవర్‌టైమ్ చేస్తున్నాడని ఒకసారి చెప్పాడు.

రోల్‌కాల్‌లో పాస్‌వర్డ్

తర్వాత ఇంటర్నెట్ వచ్చింది. వచ్చిందంటే ఒక ఫోన్ లైను, ఒక మోడెమ్, ఒక్క కంప్యూటరు. మోడెమ్ కీచుమని అరిచినప్పుడు క్యాడెట్లందరూ ఊపిరి బిగబట్టి నిలబడేవారు. వందల మంది పిల్లలకు ఒకే మెయిల్ ఖాతా, అకాడమీ పేరుతో. బుధ, శనివారాల్లో ఆటల వేళ ఒక్కొక్కరికి పదిహేను నిమిషాలు. ఎవరు ఎప్పుడు కూర్చున్నారో రిజిస్టరులో రాసి సంతకం పెట్టాలి. ఇంటికి ఉత్తరం రాసుకోవచ్చు, ఆ ఊళ్ళో ఇంటర్నెట్ కొట్టువాళ్ళు ప్రింటు తీసి ఇంటివాళ్ళకు ఇస్తారు, సైన్యం పరీక్షల సమాచారం చూసుకోవచ్చు.

పాస్‌వర్డ్ ఎవరికీ చెప్పకూడదని నేను కల్నల్ సాబ్‌కు వివరించాను. ఆయన శ్రద్ధగా విన్నాడు. ఆ సాయంత్రం రోల్‌కాల్‌లో రోజువారీ ఆర్డర్ చదువుతున్నారు. భోజనం వేళలు, క్షౌరం వంతు ఎవరిది, బెల్టులకు పాలిష్, ఆ తర్వాత కంప్యూటర్ పాస్‌వర్డ్. డ్యూటీ క్యాడెట్ అక్షరం అక్షరం విడదీసి మూడుసార్లు చదివాడు. మర్నాడు అది మెస్సు గోడ మీద కూడా అంటించి ఉంది. రొట్టెలు చేసే మనిషికి కూడా నోటికి వచ్చింది. నేను పరుగున వెళ్ళి అడిగితే, ఈ అకాడమీలో ఆర్డర్‌లో లేనిది ఏదీ ఉన్నట్టు కాదు, రహస్యం దాచేవాడు సిపాయి కాడు అన్నాడు కల్నల్ సాబ్. ఒకసారి వాదించాను, రెండోసారి ఊరుకున్నాను. ఇంటికి వచ్చి నా భార్యకు చెప్పి కడుపు పట్టుకుని నవ్వాను. ఇప్పుడు అనిపిస్తుంది, నవ్వి ఊరుకున్న చోటే నా తప్పు మొదలైందని. తలతిక్క పద్ధతి ఏదైనా నవ్వు తెప్పించినంత కాలం అది ఎవరి మెడకో చుట్టుకుంటుందని మనకు తోచదు.

ఇంకో ఆర్డర్ కూడా ఉండేది. పంపే ప్రతి మెయిలు ముందు నేను చదవాలి. మొదటి నెల చదివాను. ఒక రోజు ఐదో తరగతి పిల్లవాడు, నేను ఇప్పుడు పక్క తడపడం లేదు ఆయీ అని తల్లికి రాసుకున్నది చదివాక నాకు సిగ్గేసింది. ఆ రోజు నుంచి చదవడం మానేశాను. అందుకు నేను ఇప్పటికీ చింతించను. కాని మానేశానని కల్నల్ సాబ్‌కు చెప్పలేదు, అది వేరే సంగతి.

అకాడమీ టైము

అకాడమీలో గడియారాలన్నీ లోకం కన్నా పదిహేను నిమిషాలు ముందు ఉండేవి. కల్నల్ సాబ్ పెట్టిన నియమం. సిపాయి ఎక్కడికైనా పావుగంట ముందే చేరాలి కాబట్టి గడియారమే ముందు ఉంటే సరిపోతుందని ఆయన లెక్క. గంట కొట్టే చోట, మెస్సులో, హాస్టల్లో, నా గదిలో గోడ మీద, చివరికి కంప్యూటర్ల లోపల కూడా అకాడమీ టైమే. నేను రోజూ సాయంత్రం బల్లార్‌పూర్ బస్సు కోసం గోడ గడియారం చూసి మనసులో పావుగంట తీసేసుకుని, తీరిగ్గా చాయ్ తాగి బయలుదేరేవాణ్ణి. ఆ లెక్క నాకు ఊపిరి పీల్చినంత అలవాటు.

నాగపూర్ నుంచి కాగితం

దానియేలు పన్నెండులో ఉన్న సంవత్సరం అక్టోబరు. వానలు వెళ్ళాక మా దగ్గర కాసే ఆ ఎండ మే నెల ఎండ కన్నా చెడ్డది. ఆరో తరగతి పిల్లవాడొకడు బెల్టు పోగొట్టుకున్నాడని నడి మధ్యాహ్నం పరేడ్ మైదానంలో నిలబెట్టమని కల్నల్ సాబ్ ఆర్డర్. సూబేదార్ సాబ్ నిలబెట్టాడు. గంట కాకముందే పిల్లవాడు పడిపోయాడు. దానియేలు పరుగున వెళ్ళి భుజాన వేసుకుని అకాడమీ దవాఖానాకు మోసుకెళ్ళాడు. పిల్లవాడు రెండు రోజులకు లేచి తిరిగాడు గాని, ఇంటికి కబురు పంపలేదు. ఆ మాట ఎక్కడా ఎత్తకూడదని మాకందరికీ చెప్పారు. మేము ఎత్తలేదు.

రెండు వారాలకు నాగపూర్‌లోని ఒక పేపరు వాళ్ళు కల్నల్ సాబ్‌కు కవరు పంపారు. మీ అకాడమీ నుంచి మాకు ఈ మెయిలు వచ్చింది, నిజమేనా అని. లోపల ఆ మెయిలు ప్రింటు. పిల్లవాడు ఎండలో పడిపోయిన సంగతంతా ఉంది. హిందీ మాటలు ఇంగ్లీషు అక్షరాల్లో, అన్నీ పెద్ద అక్షరాలే, ఎక్కడా ఒక చుక్క గాని కామా గాని లేదు. పైన అకాడమీ ఖాతా పేరు, తేదీ, టైము.

కల్నల్ సాబ్ నన్ను పిలిపించి కాగితం ముందు పడేశాడు. ప్రతి మెయిలూ నువ్వు చదువుతావు కదా, ఇదెలా వెళ్ళింది అన్నాడు. ఆ క్షణంలో నాకు పిల్లవాడు గుర్తు రాలేదు, ఎండ గుర్తు రాలేదు, నా ఉద్యోగం ఒక్కటే గుర్తొచ్చింది. ఆ రోజు కరెంటు పోయి గందరగోళంలో చదవలేకపోయానని అబద్ధం చెప్పాను. అయితే ఆ టైముకు ఎవడు కూర్చున్నాడో చెప్పు అన్నాడు. రిజిస్టరు తెచ్చాను. మెయిలు మీద టైము నాలుగూ ముప్పై ఐదు. రిజిస్టరులో నాలుగున్నర నుంచి నాలుగూ ముప్పావు దాకా కూర్చున్నది దానియేలు. పక్కనే అతని సంతకం.

వేలు ఆ గీత మీద పెట్టి నేను ఒక్క క్షణం ఆగాను. ఆగింది వేరే అనుమానంతో కాదు. మనోడు కాబట్టి వెనకేసుకొస్తున్నాడు అంటారేమోనని భయం. ఆ భయంతోనే, అడక్కుండానే, పిల్లవాణ్ణి మోసుకెళ్ళింది కూడా దానియేలే అని నా నోటితో నేనే జోడించాను.

దానియేలును పిలిచారు. నేను రాయలేదు సార్ అన్నాడు. ఎవరు రాశారో తెలుసా అంటే మాట్లాడలేదు. రిజిస్టరు చూపిస్తే, సంతకం నాదే, నేను ఇంటికి రాసుకున్నాను అన్నాడు. ఒక్కసారి నా వైపు చూశాడు. నేను రిజిస్టరు వైపు చూశాను.

మూడో రోజు సాయంత్రం రోల్‌కాల్‌లో ఆర్డర్ చదివారు. క్యాడెట్ దానియేలు, నడవడిక బాగా లేనందున, అకాడమీ నుంచి తొలగించడమైనది. యోహాను గని నుంచి నేరుగా వచ్చాడు, కళ్ళ చుట్టూ బొగ్గు ఇంకా పోలేదు. ట్రంకు పెట్టె తండ్రీకొడుకులు చెరో పక్క పట్టుకుని గేటు దాటారు. నేను కిటికీ దగ్గర నిలబడి చూసి, వెళ్ళి ఆకుపచ్చ గుడ్డలు కప్పి తాళం వేసుకున్నాను. ఆఫీసరు పరీక్ష ఫారం అకాడమీ ద్వారానే పంపాలి కాబట్టి అది పోయింది. వేరే కాలేజీ ఏదీ నడవడిక బాగా లేదని రాసిన ఆ సర్టిఫికెట్‌తో నడి సంవత్సరంలో చేర్చుకోలేదు కాబట్టి పన్నెండో తరగతి పరీక్ష కూడా పోయింది. ఇదంతా నాకు తర్వాత తెలిసింది. తెలుసుకోవడానికి నేను ప్రయత్నించలేదని కూడా రాయాలి.

పరీక్ష మెయిలు

మళ్ళీ మే నెల. సెలవులు. గాలిదుమారంలో పిడుగు పడి మోడెమ్ కాలిపోతే కొత్తది తెచ్చి బిగించాను. పనిచేస్తుందో లేదో చూద్దామని అకాడమీ ఖాతా నుంచి దానికే ఒక మెయిలు పంపుకున్నాను. వచ్చింది. దాని మీద టైము మూడూ పది. గోడ గడియారం మూడూ ఇరవై ఐదు. కంప్యూటర్ గడియారం కూడా మూడూ ఇరవై ఐదు. మెయిల్ వాళ్ళ కంప్యూటర్ ఏదో తప్పు చూపిస్తోంది అనుకుని విసుక్కుంటూ ఇంకోటి పంపాను. మళ్ళీ పావుగంట తక్కువ.

ఆ రోజుల్లో మేము మెయిలు బ్రౌజరులోనే రాసేవాళ్ళం. దాని మీద టైము వేసేది మన కంప్యూటరు కాదు, ఎక్కడో ఉన్న మెయిల్ వాళ్ళ కంప్యూటరు. దానికి కల్నల్ సాబ్ ఆర్డర్ తెలియదు. అది లోకం టైము వేస్తుంది. మేము రిజిస్టరులో రాసేది అకాడమీ టైము.

ఇది అర్థమయ్యాక నేను కుర్చీలోంచి లేవలేకపోయాను. మెయిలు మీద నాలుగూ ముప్పై ఐదు అంటే మా గోడ మీద నాలుగూ యాభై. అప్పటికి దానియేలు లేచి వెళ్ళి ఐదు నిమిషాలు. రోజూ బస్సు కోసం పావుగంట తీసేసుకునే మనిషిని, ఒక్క రోజు, ఒక పిల్లవాడి కోసం పావుగంట కలపలేకపోయాను. నాకు తెలియని విషయమైతే పొరపాటు అనుకుని ఊరుకునేవాణ్ణి. ఇది నాకు అందరికన్నా బాగా తెలిసిన విషయం.

బీరువా తీసి పాత రిజిస్టరు చూశాను. దానియేలు కింది గీతలో, నాలుగూ ముప్పావు నుంచి ఐదు దాకా, సూబేదార్ సాబ్ సంతకం. పుణేలో ఉన్న కూతురికి ఉత్తరాలు రాసుకోవడానికి ఆయనకు టైపింగ్ నేర్పింది నేనే. చిన్న అక్షరాలు ఆయనకు ఎప్పుడూ నచ్చలేదు. అన్నీ పెద్ద అక్షరాల్లోనే కొట్టేవాడు. దానియేలు నా విద్యార్థుల్లో అందరికన్నా శుభ్రంగా టైప్ చేసేవాడు, కామా తర్వాత ఖాళీ వదలడం కూడా మరిచేవాడు కాదు. టైపింగ్ మాస్టరుగా జీవితం మొదలుపెట్టిన నేను ఆ కాగితం చూసి ఆ చేయి ఎవరిదో పోల్చుకోలేదు. భయపడ్డ కంటికి అక్షరాలు కనబడవు.

సూబేదార్ సాబ్ సెలవుల్లో కూడా అకాడమీ క్వార్టర్లోనే ఉండేవాడు. రిజిస్టరు పట్టుకుని వెళ్ళాను. ఆయన తన సంతకం మీద వేలు పెట్టి చూసుకున్నాడు. తర్వాత హిందీలో, గొంతు ఎత్తకుండా చెప్పాడు. ముప్పై ఏళ్ళు కల్నల్ సాబ్ వెనక నడిచాడట, ఆయన ఆర్డర్‌కు ఒక్కసారి కూడా ఎదురు చెప్పలేదట. పిల్లవాడు పడిపోయిన రోజు నుంచి నిద్ర పట్టలేదట. ముఖం మీద చెప్పలేక పేపరుకు రాశాడట. దానియేలును పంపేస్తారని అనుకోలేదట, పంపేశాక నోరు పెగల్లేదట. యుద్ధం చూసిన మనిషి కల్నల్ సాబ్ గది గడప దాటలేకపోయాడు. ఆయన్ని అసహ్యించుకుందామని వెళ్ళాను గాని, ఆయన ముఖంలో నా ముఖమే కనబడింది.

కల్నల్ సాబ్ జవాబు

మర్నాడే కల్నల్ సాబ్ ముందు నిలబడ్డాను. మెయిళ్ళు చదవడం మానేశానన్న సంగతి కూడా ఆ రోజే ఒప్పుకున్నాను. పరీక్ష మెయిలు, గడియారం, రిజిస్టరు మూడూ ఒక్కొక్కటే చూపించాను. ఆయన తెలివితక్కువవాడు కాదు, నేను సగం చెప్పేసరికే అర్థం చేసుకున్నాడు. కింది గీతలో సంతకం చూశాడు. రిజిస్టరు మూసేశాడు. కోపం వస్తుందనుకున్నాను, రాలేదు. ముఖం ఒక్కసారిగా ముసలిదైపోయింది.

నడవడిక గురించిన మాట తీసేసి కొత్త సర్టిఫికెట్ ఇస్తానన్నాడు. అది చాలదు, తొలగించినట్టు రోల్‌కాల్‌లో చదివారు కాబట్టి తప్పు జరిగిందని కూడా రోల్‌కాల్‌లోనే చదవాలి అన్నాను. అంత ధైర్యం నాకు ఎక్కడి నుంచి వచ్చిందో తెలియదు, చేతులు కాలాక ఆకులు పట్టుకున్నవాడి ధైర్యం అది. ఆయన ఒప్పుకోలేదు. ఆర్డర్ తప్పని ఒకసారి చదివితే రేపటి నుంచి ఏ ఆర్డరూ నిలవదు అన్నాడు. గడియారాలు మాత్రం ఆ వారమే సరిచేయించాడు, ఎందుకో ఎవరికీ చెప్పకుండా. సూబేదార్ సాబ్ నెల తిరక్కుండానే సాతారా వెళ్ళిపోయాడు.

అనుమతి లేకుండా మెయిళ్ళు చదవడం మానేసినందుకు నాకు రాతపూర్వకంగా చీవాట్లు పడ్డాయి. ఉద్యోగం పోలేదు. పోయి ఉంటే కొంచెం హాయిగా ఉండేదని చాలాసార్లు అనుకున్నాను.

బల్లార్‌పూర్

కొత్త సర్టిఫికెట్ పోస్టులో పంపుతామన్నారు. నేనే తీసుకెళ్తానన్నాను. కాగితపు మిల్లు వాసన దాటి గని కాలనీలో ఇల్లు వెతుక్కుని వెళ్ళేసరికి యోహాను డ్యూటీ నుంచి వచ్చి గుమ్మంలో కూర్చుని ఉన్నాడు. దానియేలు కూడా ఉన్నాడు. గనిలోకి దిగేవాళ్ళకు తలదీపాలు ఇచ్చే గదిలో కాంట్రాక్టు మీద చేరాడట. నన్ను చూసి లేచి నిలబడ్డాడు, మడమలు కలిపి.

నిలబడే అంతా చెప్పాను. గడియారం సంగతి, నా అబద్ధం సంగతి, మనోడు అంటారని భయపడ్డ సంగతి. సూబేదార్ సాబ్ పేరు, రోల్‌కాల్‌లో చదవడానికి కల్నల్ సాబ్ ఒప్పుకోని సంగతి కూడా చెప్పాను. యోహాను సర్టిఫికెట్ తీసుకుని చదవకుండానే ఒళ్ళో పెట్టుకున్నాడు.

"సారూ, గా పహిలీ కాగితం గూడ మీరిచ్చిందే గద. చదువుకున్నోల్ల కాగితం అబద్ధం చెప్తదా అనుకున్న. మావోన్ని గొడ్డును కొట్టినట్టు కొట్టిన. ఆదివారం ఆరాధనల అందరి ముంగట నిలవెట్టి తప్పు ఒప్పుకొమ్మన్న. ఒప్పుకున్నడు."

చెయ్యని తప్పు. అందరి ముందు. దానియేలు వైపు తిరిగి, ఎందుకు ఒప్పుకున్నావు అని అడిగాను. నాయిన ఏడుస్తున్నాడు కాబట్టి అన్నాడు. తలెత్తి చెప్పాడు.

"సార్, మెయిల్ ఎవలు పంపిండ్రో నాకు గానాడే ఎరుక. నా టైమ్ అయినంక లేసిన. సూబేదార్ సాబ్ కూసొని, పేపరోల్ల అడ్రస్‌ల ఆ గుండ్రం ఏ ఎట్ల కొట్టాలె అని నన్నే అడిగిండు. షిఫ్ట్ పట్టి రెండు కొట్టుండ్రి అని నేనే చూపెట్టిన."

"మరి చెప్పలేదేంది?" అన్నాను.

"ఆ చిన్నపొల్లగాని కోసం రాసిండాయన. ఆయననే చెప్తడనుకున్న. లేకుంటె మీరన్న అడుగుతరనుకున్న. కల్నల్ సాబ్ ముంగట గాదు సార్. మన లాబ్‌ల, తెలుగుల. నువ్వు రాసినవారా అని ఒక్కపారి అడిగితె మీకు చెప్పేటోన్ని."

నా తప్పు గడియారాన్ని తప్పు చదవడమే అనుకున్నది కూడా తప్పే. మూడు రోజులు అతను హాస్టల్లోనే ఉన్నాడు, నా గదికి ముప్పై అడుగుల దూరంలో. ఆర్డర్ చదివేదాకా ఎదురుచూశాడు. నేను ఆ మూడు రోజులూ అతనికి ఎదురుపడకుండా వేరే దారిన తిరిగాను.

కంప్యూటర్ గదికి వెళ్ళబోయే పిల్లలూ, యంత్రం ఏం చూపిస్తోందో చదవడం మీ ఉద్యోగంలో సగం కూడా కాదు. అది ఎవరి పేరు చూపిస్తే ఆ మనిషి దగ్గరికి వెళ్ళి, ఎదురుగా కూర్చుని, అతని భాషలో అడగండి. మనవాడైతే ఇంకా ముందు అడగండి. పక్షపాతం అంటారని భయపడి మనవాణ్ణి బలిపెట్టడం కూడా పక్షపాతమే, అది మన చర్మం మీద మనకున్న పక్షపాతం. ఈ మాట నాకు ఏ కోర్సులోనూ చెప్పలేదు.

వెళ్ళొస్తానని లేచాను. యోహాను కూడా లేచాడు.

"సారూ, తప్పైందని అకాడమీల చదివేది లేదన్నరని మీరే అన్నరు. గక్కడ లేకుంటె మానె. ఆదివారం మా ఆరాధనకు రాండ్రి. మావోడు నిలవడ్డ కాడ మీరు నిలవడి చెప్పుండ్రి."

మా ఇంట్లో ఎవరూ చర్చి గుమ్మం ఎక్కినవాళ్ళు కారు. నా భార్యకు చెప్తే, వెళ్ళు, చొక్కా నేను ఇస్త్రీ చేస్తాను అంది. ఆదివారం ఉదయం రేకుల కప్పున్న ఆ చిన్న చర్చి నిండా గని మనుషులు, మిల్లు మనుషులు, వాళ్ళ పిల్లలు. పాట అయ్యాక పాస్టరు గారు నా పేరు పిలిచారు. అక్కడ ఎవరైనా నిలబడి తమ జీవితంలో జరిగింది చెప్పుకోవడం వాడుక, సాక్ష్యం అంటారు. ముందుకు నడిచాను. కాగితం మీద రాసుకున్నది జేబులోనే ఉండిపోయింది. ఇంట్లో మాట్లాడే తెలుగులో, నేను చేసింది ఒక్కటీ దాచకుండా, ఈ పిల్లవాడు ఏ తప్పూ చెయ్యలేదు, తప్పు చేసింది నేను అని చెప్పాను. ఒక ముసలమ్మ కొంగుతో కళ్ళు తుడుచుకుంది. యోహాను తల వంచుకుని కూర్చున్నాడు, భుజాలు కదులుతున్నాయి.

నువ్వేమైనా చెప్తావా బిడ్డా అని పాస్టరు గారు దానియేలును అడిగారు. అతను వెనక వరసలో లేచి నిలబడ్డాడు. గొంతు స్థిరంగానే ఉంది.

"సార్ అచ్చి చెప్పిండ్రు, మంచిగైంది. మా నాయిన ఇగ తలెత్తి డ్యూటీకి పోతడు. మాఫ్ చేసుడు సంగతి మాత్రం నేను సోచాయించి చెప్త."

కూర్చున్నాడు. తర్వాతి పాట మొదలైంది.

ఆ తర్వాత ఏడాది పన్నెండు పాసయ్యాడు, గనిలోనే పర్మనెంటు అయ్యాడు. బల్లార్‌షా స్టేషన్లో ఇప్పటికీ కనబడతాడు, ఒక్కోసారి పిల్లలతో. నమస్తే పెడతాడు, నా మోకాళ్ళ నొప్పి ఎలా ఉందని అడుగుతాడు, బండి వచ్చేదాకా పక్కనే కూర్చుంటాడు. ఇంకా చెప్పలేదు.